కూర్మయ్య మేస్త్రి బొటనవేలు

ఈ ఉదయం షెడ్డు తలుపు పైకి ఎత్తగానే జీడి పొగ లోపలికి వచ్చింది. పలాసలో బతికేవాళ్లకి అదేమంత వింత కాదు. ఎక్కడో ఒక చోట జీడి తొక్క కాలుతూనే ఉంటుంది. గాలి ఇటు తిరిగితే గొంతు గరగరలాడుతుంది, కళ్లు మండుతాయి. పైఊరి నుంచి వచ్చినవాళ్లు చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంటారు. నేనేమో ఆ వాసన తగలగానే కుడిచేతి బొటనవేలిని చూపుడువేలితో రుద్దుకుంటాను, ఏదో జిగురు అంటుకున్నట్టు. నాకు ఆ అలవాటు ఉందని మా ఆయన చెప్తే గాని తెలియలేదు. ఆ జిగురు నా వేలిది కాదు, కూర్మయ్య మేస్త్రిగారి వేలిది. డీజిలు బళ్ల గురించి నాకు తెలిసిందంతా ఆయన దగ్గర నేర్చుకున్నదే. అంతకు ముందు మూడేళ్లు చదివినదీ, రెండేళ్లు ఉద్యోగం చేసినదీ లెక్కలోకి రావని కాదు గానీ, ఆయన దగ్గరికి వచ్చాకే వాటికి అర్థం తెలిసింది. మా పాత కస్టమర్ దానయ్య వ్యాన్ ఇవాళ సర్వీసుకి రావాలి. అది వచ్చేలోగా ఆయన గురించి నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నాను.

నేను టెక్కలి పిల్లని. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ డిప్లొమా చదివాను, ఒక షోరూములో పని చేశాను, పెళ్లయి పలాస వచ్చాను. ఇంట్లో ఊరికే కూర్చోవడం నా ఒంటికి పడదు. ఇరవై ఆరేళ్ల వయసులో ఒకరోజు బండిలో తప్పు చదివి చెప్పే స్కానర్ సంచీలో పెట్టుకుని, ఇక్కడి డీజిలు షెడ్లలో పెద్దదేదని అడుగుతూ వెళ్లాను. లోపల ఒక వ్యాన్ కింద నుంచి రెండు పాదాలు బయటికి కనిపించాయి. ఆయనలో నేను మొదట చూసింది ఆ పాదాలే. ఎండిపోయిన కట్టెపుల్లల్లా ఉన్నాయి, చీలమండ ఎముకలు పొడుచుకొచ్చి. రబ్బరు చెప్పులు ఆ పాదాలకి రెండంగుళాలు పెద్దవి.

"ఎవులమ్మా?" అని బండి కింద నుంచే అడిగారు.

"పని కోసం వచ్చానండి."

"ఎవులికి పని?"

"నాకేనండి."

కింద నుంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. "ఆ పదమూడు స్పానరు ఇలగియ్యి" అన్నారు. ఇచ్చాను. అదే నా ఇంటర్వ్యూ. మర్నాటి నుంచి పనిలోకి వెళ్లాను. ఆడపిల్ల బండి కింద దూరడమేమిటని ఊరు నెలరోజులు నవ్వింది. ఆ తర్వాత ఊరికి వేరే పని దొరికింది.

మేస్త్రిగారికి ఇంగ్లీషు రాదు. అంకెలు మాత్రం కళ్లతో కాదు, ఒంటితో చదువుతారా అనిపించేది. నా స్కానర్‌ని ఆయన పెట్టె అనే అర్థంలో 'పెట్టి' అనేవారు. దానిమీద చిన్నచూపేమీ లేదు. పైగా మధ్యాహ్నం ఎండలో వదిలేస్తే తానే తీసి నీడన పెట్టేవారు. కానీ నేను స్కానర్ చూసి "ఫలానాది పోయిందండి" అన్నప్పుడల్లా ఒకే ప్రశ్న. "ఆ మాట నీకెవుడు సెప్పినాడు?" స్కానర్ చెప్పిందనేదాన్ని. "స్కానరుకెవుడు సెప్పినాడు?" బండిలోని కంప్యూటర్. "ఆడికెవుడు సెప్పినాడు?" సెన్సార్. "సెన్సారుకో?" ఇక్కడికి వచ్చేసరికి నేను స్కానర్ తీగ చుట్టేసుకునేదాన్ని. ఆయన నవ్వి తన పనిలో పడేవారు. చదువురానివాళ్ల మొండితనం ఇలాగే ఉంటుందని నేను లోపల్లోపల అనుకునేదాన్ని. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది గానీ, అనుకున్న మాట నిజం.

ఆ రోజుల్లోనే దానయ్య బండి వచ్చింది. దానయ్యది భావనపాడు, పడవల ఇంట్లో పుట్టినవాడు. జలంత్రకోట పిల్లని చేసుకుని అక్కడే స్థిరపడి, కొత్త రకం డీజిలు వ్యాన్ ఒకటి కొనుక్కున్నాడు. వారానికి మూడు రోజులు తెల్లవారుజామున ఆరుగురిని ఎక్కించుకుని పలాసలో డయాలసిస్‌కి తెచ్చేవాడు, మధ్యాహ్నం వెనక్కి తీసుకెళ్లేవాడు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి మా వైపు వాళ్లకి నేను చెప్పేదేముంది. వేరే ఊళ్లవాళ్ల కోసం ఒక్క మాట చెప్తాను. ఆ ఆరుగురికీ ఒక వంతు తప్పడమంటే ఒక పూట భోజనం తప్పడం లాంటిది కాదు. ఒంట్లో నీరు నిండిపోతుంది, ఊపిరి ఆడదు. అందుకే దానయ్య ఆ బండిని కన్నబిడ్డలా చూసుకునేవాడు.

కొత్త డీజిలు బళ్లలో పొగగొట్టం దారిలో ఒక ఫిల్టర్ ఉంటుంది. పొగలోని మసిని అది పట్టి ఉంచుతుంది. నిండాక ఆ మసిని వేడితో బండే కాల్చేసుకుంటుంది. ఎంత నిండిందో బండికి తెలియాలి కదా, దానికొక చిన్న సెన్సార్ ఉంటుంది. ఫిల్టర్‌కి ముందు నుంచి ఒక రబ్బరు గొట్టం, వెనక నుంచి ఒకటి ఆ సెన్సార్‌కి వస్తాయి. రెండు వైపులా ఒత్తిడిలో తేడా ఎంతుందో అది చూసి కంప్యూటర్‌కి చెప్తుంది. ఆ చెప్పిన మాట నమ్మేలా లేకపోతే బండి భయపడి తన వేగం తానే తగ్గించేసుకుంటుంది. దానయ్య వచ్చి చెప్పింది అదే. పసుపు దీపం వెలుగుతోంది, బండి ముక్కుతోంది, ముప్పై దాటడం లేదు.

ఆ వేళకి మేస్త్రిగారు లేరు. మేనకోడలి పెళ్లికి నిమ్మాడ వెళ్లారు, రెండు రోజుల దాకా రారు. షెడ్డు నా చేతిలో ఉంది. స్కానర్ పెట్టాను. ఒత్తిడి చూసే ఆ సెన్సార్‌లోనే తప్పుందని చూపించింది. నాకు ఎంత సంతోషమో! ఎవరూ "ఎవుడు సెప్పినాడు" అని అడ్డుపడరు కదా. కొత్త సెన్సార్ తెప్పించి బిగించాను, స్కానర్‌తో ఆ తప్పు తుడిచేశాను, రైల్వే గేటు దాకా నడిపి చూశాను. దీపం రాలేదు. "వెళ్లి రా అన్నయ్యా, ఇంక ఏ ఢోకా లేదు" అని దానయ్యకి తాళం ఇచ్చాను. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో నా గొంతుతోనే వినిపిస్తుంది.

మర్నాడు తెల్లవారుజామున ఆరుగురితో బయల్దేరిన బండి హరిపురం దాటాక మళ్లీ ముక్కింది. హైవే మీద లారీలు హారన్లు కొట్టుకుంటూ పక్కనుంచి పోతుంటే, దానయ్య ఎద్దుబండి నడకతో పలాస చేరాడు. ఆలస్యమైనా ఆసుపత్రిలో ఐదుగురిని ఎలాగో సర్దారు. ఆరో మనిషి సుందరమ్మగారు. ఆవిడ డయాలసిస్ కుర్చీ అప్పటికే వేరొకరికి వెళ్లిపోయింది, మర్నాడు రమ్మన్నారు. ఆ రాత్రి పడుకోలేక గోడకి ఆనుకుని కూర్చునే తెల్లవార్చిందట. మర్నాడు డయాలసిస్ అయింది, గండం గడిచింది. కానీ దానయ్య వచ్చి ఆ సంగతి చెప్తున్నప్పుడు నేను చేతిలోని స్పానర్ కింద పెట్టేశాను.

అదే పూట మేస్త్రిగారు పెళ్లి పసుపుబట్టలతోనే షెడ్డుకి వచ్చారు. జరిగిందంతా విన్నారు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండును అనిపించింది. నేనే గబగబా చెప్పాను. సెన్సార్ కొత్తది కాబట్టి ఇక ఫిల్టరే మూసుకుపోయి ఉండాలి, దానయ్య ఫోన్ చేస్తే షోరూమువాళ్లూ ఫిల్టర్ మార్చాలనే అన్నారు, సామాను రావడానికి మూడు వారాలు పడుతుంది అని. మూడు వారాలు అనేసరికి దానయ్య అడ్డుపడ్డాడు.

"మేస్త్రీ, ఎల్లుండి ఆళ్ల వంతు ఉన్నాది. ఆ ఫిల్టరు కోసి పారేసి ఖాళీ గొట్టం ఎట్టేయ్. సానామంది అలగే సేత్తన్నారు గదా" అన్నాడు.

మేస్త్రిగారు అతని వంక చూశారు. "ఫిల్టరు పాడైపోయినోల్లని ఫిల్టరు లేని బండిలో ఎక్కించుకుని ఎల్తావేట్రా? ఆ మసంతా ఎవులు పీలుత్తారు, నీ యెనక కూకున్నోల్లు కాదేటి?" అన్నారు. ఎల్లుండి లోపు బండి తిరగాలి, ఫిల్టర్ ఉండాలి. మా చేతిలో ఒక్క రోజు ఉంది.

మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టాం. చల్లటి బండి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు సెన్సార్ సున్నా చూపించింది, చూపించాల్సింది అదే. స్టార్ట్ చేస్తే కొంచెం లేచింది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంకా లేచింది, వదిలితే దిగింది. పుస్తకంలో ఉన్నట్టే ఉంది. "చూశారా, సెన్సార్ బాగానే ఉంది. ఫిల్టరే అయ్యుంటుంది" అన్నాను. నాలో ఇంకా పౌరుషం చావలేదు.

"బండి ఎక్కడ మొండికేసింది?" అని అడిగారు.

"హరిపురం దాటాకండి."

"మరి ఇక్కడెందుకు మొండికెయ్యలేదు? ఆ హరిపురానికీ నీ రైల్వే గేటుకీ ఏటి తేడా?"

"రోడ్డు బాగుంటుంది, స్పీడు…" అని నసిగాను.

"కాక తల్లీ, కాక. జలంత్రకోట కాడ నుంచి వత్తే హరిపురం కాడికి బండికి కాకెక్కుతాది. నువ్వు సల్లటి బండిని అడిగినావు, అది సల్లటి జవాబు సెప్పింది. దానిదేటి తప్పు?"

బండిని హైవే ఎక్కించాం. ఆయన నడుపుతున్నారు, నేను పక్కసీట్లో స్కానర్ ఒళ్లో పెట్టుకుని అంకె చూస్తున్నాను. వేగం పెరిగేకొద్దీ అంకె పెరిగింది. పది కిలోమీటర్లు, పదిహేను. బానే ఉంది. తర్వాత ఆయన కాలు యాక్సిలరేటర్ మీద అలాగే ఉండగా అంకె ఒక్కసారిగా పడిపోయింది. నేను "పడిపోయిందండీ!" అని అరిచాను. దీపం వెలిగింది, బండి ముక్కింది. ఆయనకి కోపం రాలేదు సరికదా, చుట్టం ఎదురైనట్టు సంబరపడ్డారు. "దొరికినాడు దొంగ" అన్నారు. ఫిల్టర్ మూసుకుపోతే ఒత్తిడి పెరగాలి గానీ పడిపోకూడదు. అంత చిన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. మధ్యలో ఎక్కడో గాలి పోతోంది.

మెల్లగా షెడ్డుకి తెచ్చి గొయ్యి మీద నిలబెట్టాం. ఇంజిన్ వేడిగా ఉండగానే ఆయన చేతికి గుడ్డ చుట్టుకుని, బొటనవేలు మాత్రం బయట ఉంచుకుని, రెండు గొట్టాలనీ ఒకదాని తర్వాత ఒకటి నొక్కారు. వెనక గొట్టం నొక్కితే గట్టిగా ఉంది, వేలు తియ్యగానే పైకి లేచింది. ముందు గొట్టం మీద మాత్రం వేలు తీశాక కూడా గుంట అలాగే ఉండిపోయింది. "సూడు" అన్నారు. నేనూ నొక్కాను. నా వేలి గుంట ఆయన వేలి గుంట పక్కన నిలబడింది. ఆయన తన వేలు ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, తర్వాత నా ముక్కు దగ్గర పెట్టారు. నల్లటి జిగురు. గొంతు పట్టేసే వాసన.

"జీడి నూనె" అన్నాను.

"మరి ఈడకెలగొచ్చింది?" అన్నారు ఆయన. అది నన్ను అడిగింది కాదు.

గొట్టం విప్పాం. పైకి చూస్తే చిల్లేమీ కనిపించలేదు. ఒక కొసకి బోల్టు బిగించి, రెండో కొసకి సైకిల్ పంపు పెట్టి, బక్కెట్టు నీళ్లలో ముంచాను. ఒక్క బుడగ రాలేదు. నేను ఆయన మొహం చూశాను. ఆయన రోడ్డు అవతలి టీ కొట్టు వైపు తిరిగి, "ఒరే బావా, నీ కెటిల్లో నీల్లు మరుగుతున్నాయేట్రా? ఓ సెంబు ఇలగట్రా" అని కేకేశారు. మరిగే నీళ్లు ఇనుప తట్టలో పోసి గొట్టాన్ని అందులో ముంచి పంపు నొక్కితే, వంపు దగ్గర సన్నటి గీత నోరు తెరిచింది. బుడగలు బిలబిలమంటూ వచ్చాయి. టీ కొట్టు బావ కూడా వంగి చూశాడు. చల్లటి నీళ్లలోకి తెచ్చి ముంచితే ఆ నోరు మళ్లీ మూసుకుంది. ఐదేళ్ల చదువూ ఉద్యోగమూ ఆ తట్ట ముందు గొంతుక్కూర్చుని చూశాయి.

ఇంక మేము అడక్కుండానే, పక్కన నిలబడి చూస్తున్న దానయ్య బయటపడ్డాడు. అతను కళ్లు తుడుచుకుంటూ, "మేస్త్రీ, నానే రాసినాను. వానలకి ముందు బండి కింద అంతా జీడి నూనె పూసేసినాను. ఉప్పుగాలికి ఇనుము తినేత్తన్నాదని" అన్నాడు.

"నీకెవుడు సెప్పినాడు?" అన్నారు మేస్త్రిగారు. కోపంగా కాదు, నన్ను అడిగినట్టే.

"మా అయ్య. మా అయ్య యేటా పడవకి రాసీవోడు. ఆ పడవ ఇరవై యేల్లు సెక్క సెదరలేదు."

"మీ అయ్య నిజమే సెప్పినాడు" అన్నారు ఆయన. "కానీ పడవకి సెప్పినాడురా. పడవకి రబ్బరు గొట్టం ఉన్నాదేటి?" దానయ్య కళ్లు తుడుచుకుంటూనే నవ్వేశాడు. బండి పాడయ్యింది నిర్లక్ష్యం వల్ల కాదు, ప్రేమ ఎక్కువై. ఆ నూనెకి రబ్బరు ఉబ్బి మెత్తబడింది. కాక తగిలితే ఆ గీత తెరుచుకుంటోంది, ముందువైపు గాలి బయటికి పోతోంది, సెన్సార్ ఉన్నది ఉన్నట్టే చెప్తోంది. అంత నిజాయితీగల పాత సెన్సార్‌ని నేను పీకి పారేశాను.

వేడికి తట్టుకునే గొట్టం పలాసలో దొరకలేదు. నేను టెక్కలి బస్సెక్కి, తెలిసిన కొట్టులో అదే లావు, అదే కంత ఉన్నది వెతికి తెచ్చాను. బిగించేటప్పుడు ఆయన దగ్గరుండి చూశారు. ఎక్కడా కిందికి వేలాడకూడదు, వేలాడితే ఆవిరి నీరై ఆ వంపులో నిలుస్తుంది, సెన్సార్ మళ్లీ తప్పు మాట చెప్తుంది. నేను రెండుసార్లు బిగిస్తే రెండుసార్లూ విప్పించారు. మిగిలిన నూనెంతా డీజిలు గుడ్డతో తుడిచాం. సాయంత్రం మళ్లీ హైవే మీద అదే చోటికి వెళ్లాం. అంకె పెరిగింది, పెరిగిన చోటే నిలబడింది. ఆగకుండా ఇంకా చాలా దూరం నడిపించారు, లోపల పేరుకున్న మసి బండే కాల్చుకునేదాకా. తిరిగొస్తుంటే, "రేపు తెల్లారగట్ల నువ్వు దానయ్య బండిలోనే రా. పెట్టి అట్టుకుని ఆళ్ల మద్దెన కూకో" అన్నారు.

"అంకె చూడ్డానికాండీ?"

"అంకె సూడు. సుందరమ్మగారికి కూడా సెప్పు."

"ఏం చెప్పాలండీ?"

"సేసిందే సెప్పు" అన్నారు.

ఆ ప్రయాణం నేను మర్చిపోలేను. ఆ రాత్రి నేను దానయ్యవాళ్ల ఇంట్లో ఉండిపోయి, చీకటుండగానే జలంత్రకోటలో బండెక్కాను. కొబ్బరితోటల మధ్య నుంచి ఒక్కొక్కరూ టవల్, నీళ్ల సీసా పట్టుకుని వచ్చి ఎక్కారు. సుందరమ్మగారు నా పక్కన కూర్చుంది. చేతి మీద సూదులు గుచ్చి గుచ్చి నరం తాడులా లేచి ఉంది. హరిపురం వచ్చేదాకా అంకె మీదే కళ్లు పెట్టుకుని కూర్చున్నాను. హరిపురం దాటింది. అంకె నిలబడే ఉంది. అప్పుడు చెప్పాను, ఆ రోజు సరిగ్గా చూడకుండా బండి పంపింది నేనేనని, ఆవిడ వంతు పోయింది నా వల్లేనని.

ఆవిడ నా ఒళ్లోని స్కానర్ వంక చూసింది. తర్వాత, "ఇంతకీ ఏటయ్యిందమ్మా బండికి?" అని అడిగింది.

"ఫిల్టర్ పోయిందనుకున్నామండి. ఫిల్టర్ బాగానే ఉంది. దాని సంగతి చెప్పే గొట్టం చిట్లింది, అంతే."

"ఒలమ్మ, ఫిల్టరు బాగానే ఉన్నాదేటి?" అంది ఆవిడ. కిటికీ వైపు తిరిగి చిన్నగా నవ్వింది. "అదృట్టం దానిది."

వెనక సీట్లోంచి ఇంకెవరో కూడా నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఆ రోజు ఆరుగురూ వేళకి కుర్చీల్లో కూర్చున్నారు.

ఆ తర్వాత రెండేళ్లు ఆయన దగ్గర పని నేర్చుకున్నాను. బండి ఏదైనా సరే, ఎవరు చెప్పారని చివరిదాకా అడిగిగాని స్పానర్ ముట్టేదాన్ని కాదు. ఆయన కూడా నన్ను ప్రశ్నలు అడగడం మానేశారు. నేనే నన్ను అడుక్కుంటున్నానని తెలిసిపోయింది కాబోలు. ఒకరోజు మధ్యాహ్నం ఆయన బల్ల మీద కూర్చుని చెప్పులు విప్పితే, పాదం మీద చెప్పు పట్టీ అచ్చు లోతుగా పడి ఉంది. ఎప్పుడూ రెండంగుళాలు పెద్దవిగా ఉండే చెప్పులు బిగుతయ్యాయి. నేను చూశాను. చూసి, ఎండకి వాచిందనుకున్నాను. ఎండ అని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. అడగడానికి భయమేసి నాకు నేనే చెప్పుకున్నాను. ఊళ్లో రక్తపరీక్ష అంటే పెద్దవాళ్లంతా మొహం తిప్పుకున్నట్టే ఆయనా తిప్పుకునేవారు. "తెలిత్తే ఏటి సేత్తాం" అనేవారు. ఊరి బళ్లన్నిటినీ నిలదీసినాయన తన ఒంటిని ఒక్కసారీ అడగలేదు. ఆయన దగ్గర అడగడం నేర్చుకున్న నేనూ ఆయన్ని అడగలేదు.

చివరికి ఆయన కొడుకు బలవంతం మీద పరీక్ష అయింది. ఆ కాగితం తెచ్చి నా చేతిలో పెట్టారు, బండి రిపోర్టు ఇచ్చినట్టు. అంకె చూశాను. కిడ్నీ సంగతి చెప్పే ఆ అంకె ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఉంది. వెంటనే, "ఈ ల్యాబువాళ్లకి ఎవరు చెప్పారండీ? మిషను తప్పు చూపించొచ్చు, శాంపిల్ మారిపోయి ఉండొచ్చు" అన్నాను. అంత ఆశతో ఆ ప్రశ్న నేను ఏ బండినీ అడగలేదు. టెక్కలి తీసుకెళ్లి ఇంకో చోట చేయించాను. రెండో కాగితం కూడా అదే మాట చెప్పింది. బస్టాండులో కూర్చుని ఏడుస్తుంటే ఆయనే నన్ను ఊరుకోబెట్టారు. "ఈపాలి గొట్టం బాగానే ఉన్నాది తల్లీ" అన్నారు.

తర్వాత ఆయన దానయ్య బండిలో డయాలసిస్‌కి వెళ్లేవారు. వాళ్ల ఊరు హరిపురం పక్కనే కాబట్టి దారిలో ఎక్కేవారు. అప్పటికి సుందరమ్మగారు లేరు. మేస్త్రిగారు వెనక సీట్లో, సరిగ్గా ఫిల్టర్ పైన కూర్చుని బండి చప్పుడు వింటూ వచ్చేవారని దానయ్య చెప్పేవాడు. ఒక మధ్యాహ్నం డయాలసిస్ అయ్యాక షెడ్డుకి వచ్చి, మేకుకి నేను వేలాడదీసి ఉంచిన ఆ పాత గొట్టం ముక్క చూశారు. దాన్ని నొక్కబోయి ఆగి, తన పాదం మీద బొటనవేలితో నొక్కి తీశారు. గుంట అలాగే ఉండిపోయింది. నేను మొహం తిప్పుకోబోతే, "సూడు" అన్నారు, ఆనాటి గొంతుతోనే. "ఏలికి తెలిసీసరికి ఆలీసం అయిపోద్ది తల్లీ. రబ్బరైనా అంతే, మడిసైనా అంతే. ఏలి మీద వొదిలీకు. ముందే అడుగు." ఆ ఏడాది వానలు మొదలవకముందే ఆయన పోయారు. ఆరుగురు ఎక్కే బండిలో ఒక సీటు ఖాళీ అయిందని దానయ్య ఫోన్ చేసి చెప్పాడు, చెప్పి చాలాసేపు ఫోన్ పెట్టలేదు.

ఇప్పుడు ఆ షెడ్డు నేనే నడుపుతున్నాను. ఇక్కడ ఒక పద్ధతి పెట్టాను. ఏడాది సర్వీసుకి వచ్చే డ్రైవరు బండి తాళంతో పాటు తన రక్తపరీక్ష కాగితం కూడా తేవాలి. కాగితం లేకపోతే బానెట్ ఎత్తను. మొదట్లో తిట్టుకున్నారు. 'డాక్టరమ్మ షెడ్డు' అని పేరు పెట్టారు, ఇప్పటికీ అలాగే పిలుస్తారు. పిలవనీ, నష్టమేముంది. ఆ కాగితాల్లో రెండుసార్లు అంకె తేడా కనిపించింది. ఇద్దరూ ముందే మందుల్లో పడ్డారు, ఇద్దరూ ఇంకా బళ్లు నడుపుతున్నారు.

ఇంతవరకు రాశాక దానయ్య వచ్చాడు. తాళం బల్ల మీద పెట్టి, అటూ ఇటూ చూశాడు. కాగితం పెట్టలేదు.

"ఏది అన్నయ్యా?"

"మర్సిపోయినాను సెల్లెమ్మా. వచ్చే నెల సేయించుకుంతాను. నాకేటి, దున్నపోతులాగున్నాను" అని, నేను అడక్కుండానే కాలు స్టూలు మీద పెట్టాడు. నొక్కాను. తోలు వెంటనే పైకి లేచింది. "సూసినావా? ఇంక బండి సూడు" అన్నాడు. గొంతులో భయం మాత్రం దాగలేదు. ఎన్నేళ్లుగా ఎంతమందిని ఎక్కించుకుని తెచ్చాడు, ఎంతమందికి సీటు ఖాళీ అవడం చూశాడు! తెలియనివాడికంటే తెలిసినవాడికే భయం ఎక్కువ.

నేను షెడ్డు తలుపు దించి, అతని వ్యాన్ నేనే నడుపుకుంటూ ల్యాబుకి తీసుకెళ్లాను. దారిలో హుషారుగా మాట్లాడినవాడు సూది చూడగానే బెంచీ మీద బిగుసుకుపోయాడు. ల్యాబు అమ్మాయి నా వంక చూసింది. నేను చొక్కా చెయ్యి మడిచి, ముందు నా చెయ్యి చాపాను. నా రక్తం గొట్టంలోకి ఎక్కుతుంటే దానయ్య గోడ వైపు చూస్తూ అడిగాడు.

"ఇలగ సెయ్యమని నీకెవులు సెప్పినారు సెల్లెమ్మా?"

జవాబు అతనికి తెలుసు. నేను చెప్పేలోగానే లేచి వచ్చి నా పక్కన కూర్చుని, తన చెయ్యి చాపాడు.